కాగితం మారితే స్కేలూ మారాలి

'1:100' అని రాస్తే చాలదు... ఏ కాగితానికో కూడా చెప్పాలి
ఇంటి ప్లాన్లలో కనిపించని చిక్కు

సొంత ఇల్లు కట్టుకోదలచిన ప్రతివారి చేతిలోనూ ఇవాళ ఒక ప్లాను కాగితం ఉంటుంది. దాని కింది మూల చిన్న పెట్టెలో యజమాని పేరు, స్థలం సర్వే నంబరు, ఇంజనీరు సంతకం ఉంటాయి. వాటి పక్కనే 'స్కేలు 1:100' అని ఓ ముక్క ఉంటుంది. ఆ ముక్క నిజమో కాదో చూసేవారు మాత్రం తక్కువ.

పెద్ద కాగితం కోసం తయారుచేసిన ప్లానును జిరాక్సు షాపులో చిన్న కాగితం మీదకు కుదించి తీయించుకోవడం మామూలైపోయింది. కుదించగానే బొమ్మ సగానికి సగం తగ్గిపోతుంది. గదులు తగ్గుతాయి, గోడలు తగ్గుతాయి, మెట్లు తగ్గుతాయి. 'స్కేలు 1:100' అన్న అక్షరాలూ చిన్నవవుతాయి. కాని అవి చెప్పే మాట మాత్రం మారదు. అంటే ఆ క్షణం నుంచి ఆ కాగితం అబద్ధం చెబుతున్నట్టే.

"గోడ గోడకూ కొలత రాసే ఉంటుంది కదా, స్కేలుతో పనేముంది?" అని ఎవరైనా అడగవచ్చు. ప్రశ్న సబబైనదే. రాసిన అంకెనే నమ్మాలి, కాగితం మీద కొలిచి పని చేయకూడదు అన్నది ఈ వృత్తిలో మొదటి పాఠం. చాలా ప్లాన్ల మీద ఆ హెచ్చరిక కూడా ఉంటుంది. అయితే ప్రతి కొలతా రాసిన ప్లాను అరుదు. గుమ్మం మూల నుంచి ఎంత దూరంలో ఉందో, కిటికీ గోడకు ఏ పక్కకు జరిగి ఉందో, ప్రహరీకీ ఇంటికీ మధ్య వదిలిన ఖాళీ ఎంతో కొన్నిచోట్ల రాయరు. పైగా పెద్ద కాగితం మీద రెండున్నర మిల్లీమీటర్ల ఎత్తున్న అంకె సగానికి కుదిస్తే మిల్లీమీటరుంపావు అవుతుంది. 3 ఏదో 8 ఏదో తెలియదు. అప్పుడు మేస్త్రీ చేసే పని ఒక్కటే. జేబులోంచి స్కేలుబద్ద తీస్తాడు.

ఆ బద్ద చెప్పిన లెక్క మీదనే పునాదికి ముగ్గు పోస్తారు. వడ్రంగి గుమ్మాలకు కలప కోస్తాడు. ఆ తరువాత తప్పు బయటపడితే నష్టం ఇంటి యజమానిదే.

అమ్మోనియా ప్రింట్ల కాలంలో

ఈ చిక్కు వెనకటి రోజుల్లో అంతగా లేదు. డ్రాఫ్ట్స్‌మన్ బల్ల మీద టీ స్క్వేరు పెట్టుకొని, ట్రేసింగ్ కాగితం మీద ఇండియన్ ఇంకుతో ప్లాను గీసేవాడు. నకళ్లు కావాలంటే ఆ ట్రేసింగును మందు పూసిన కాగితం మీద పరిచి, వెలుతురు చూపించి, అమ్మోనియా ఆవిరి పట్టించేవారు. ముక్కుపుటాలు అదిరే ఆ వాసన పాత ఇంజనీర్లకు ఇప్పటికీ గుర్తే.

ఆ పద్ధతిలో ఒక గొప్ప సుగుణం ఉంది. కాగితాన్ని కాగితానికి ఆనించి తీసే నకలు కాబట్టి అసలు ఎంతో నకలూ అంతే. తేమకు కాగితం కొద్దిగా సాగడం, ముడుచుకోవడం తప్ప సైజు మారే ప్రసక్తి లేదు. డ్రాఫ్ట్స్‌మన్ ఒకసారి స్కేలు రాస్తే అన్ని నకళ్లకూ అదే చెల్లేది.

కుదించే జిరాక్సు మిషన్లు వచ్చాక ఆ భరోసా పోయింది. కంప్యూటరు, పీడీఎఫ్ ఫైళ్లు వచ్చాక పూర్తిగా పోయింది. ఇప్పుడు ప్లాను ఫోనులో వస్తుంది. ఎవరు, ఎక్కడ, ఏ కాగితం మీద ప్రింటు తీస్తారో గీసినవాడికి తెలియదు. తెలంగాణలో ఇంటి అనుమతుల దరఖాస్తులు ఆన్‌లైన్ బాట పట్టాయి. ఆఫీసుకు చేరేది కంప్యూటరు ఫైలు. అందులో కొలతలు అసలైనవే ఉంటాయి. ఇల్లు కట్టే చోటికి చేరేది మాత్రం ప్రింటు కాగితం. పేచీ అంతా ఆ కాగితంతోనే.

ఏ1, ఏ3 కాగితాల లెక్క

ఈ సంగతి అర్థం కావాలంటే ముందు కాగితాల లెక్క తెలియాలి. ఏ0, ఏ1, ఏ2, ఏ3, ఏ4 అనే వరుసను 1922లో జర్మనీలో ప్రమాణంగా పెట్టారు. 1975లో అది అంతర్జాతీయ ప్రమాణం అయింది. ఏ0 కాగితం విస్తీర్ణం ఒక చదరపు మీటరు. దాన్ని మధ్యకు మడిస్తే ఏ1, దాన్ని మడిస్తే ఏ2, అలా కిందికి వెళ్లాలి.

ఏ1 కాగితం 594 మిల్లీమీటర్ల వెడల్పు, 841 మిల్లీమీటర్ల పొడవు. ఏ2 420, 594. ఏ3 297, 420. మనం రోజూ చూసే ఏ4 210, 297. ఏ కాగితం తీసుకున్నా పొడవు వెడల్పుకు 1.414 రెట్లే. అందువల్లే ఒక సైజు బొమ్మ మరో సైజులో అంచులు తెగకుండా అచ్చంగా ఇమిడిపోతుంది. ఆ సౌకర్యమే ఇక్కడ చేటు తెచ్చింది. అంచులు తెగిపోతే బొమ్మ మారిందని పసిపిల్లవాడు కూడా కనిపెడతాడు. చక్కగా ఇమిడిపోతే ఎవరికీ అనుమానం రాదు.

ఏ1 నుంచి ఏ3కి వస్తే పొడవూ వెడల్పూ సరిగ్గా సగం అవుతాయి. అంటే 1:100 ప్లాను 1:200 అవుతుంది. 1:50 ప్లాను 1:100 అవుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. ఏ1 నుంచి ఏ2కి వస్తేనే తంటా. ఏ2 అంటే ఏ1లో సగం కాగితం కదా అని 1:200 వేసుకుంటారు. అది పొరపాటు. విస్తీర్ణం సగమైనంత మాత్రాన పొడవు సగం కాదు. నిజానికి వచ్చేది 1:141. ఏ4కు కుదిస్తే 1:283. ఇలాంటి స్కేలు ఏ స్కేలుబద్ద మీదా ఉండదు. 1979 నాటి అంతర్జాతీయ ప్రమాణం సిఫారసు చేసిన 1:20, 1:50, 1:100, 1:200, 1:500 వరుసలోనూ ఉండదు. అందుకే తెలిసినవారు ఏ1కు గీసినదాన్ని ఏ3కే కుదిస్తారు తప్ప ఏ2 జోలికి పోరు.

పెద్ద తప్పు దొరుకుతుంది, చిన్న తప్పే దొరకదు

సగానికి సగం తగ్గిన ప్లానుతో నిజానికి భయం తక్కువే. 12 అడుగుల గది బద్ద మీద 6 అడుగులు చూపిస్తే ఏ మేస్త్రీ అయినా ఆగి అడుగుతాడు. ఆరడుగుల గదిలో మంచం కూడా పట్టదని అందరికీ తెలుసు.

భయపడవలసింది నూటికి నాలుగైదు వంతుల తేడాకు. ప్రింటరు అంచుల్లో కొంత ఖాళీ వదులుతుంది. ఆ ఖాళీలోపల బొమ్మ పట్టాలని 'ఫిట్' అనే మీట నొక్కుతారు. బొమ్మ కొద్దిగా కుదించుకుపోతుంది. నూటికి నాలుగు వంతులు తగ్గిందనుకుందాం. 12 అడుగుల గది 11 అడుగుల 6 అంగుళాలుగా కనిపిస్తుంది. ఇందులో అనుమానించడానికి ఏమీ లేదు. అలాంటి గదులూ ఉంటాయి కదా. అదే ప్లానులో 40 అడుగుల గోడ 38 అడుగుల 5 అంగుళాలవుతుంది. అడుగున్నర పైగా తేడా! ఒక గది రాసిన అంకెను బట్టీ, పక్క గది బద్దతో కొలిచీ ముగ్గు పోస్తే గోడకు గోడ కలవదు. చుట్టూ వదలవలసిన ఖాళీ స్థలం కొలత తప్పితే అది అనుమతి దాకా వెళ్లే వ్యవహారం.

కంప్యూటరు తనంతట తానే రాస్తుంది

దీనికి విరుగుడు లేకపోలేదు. ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేరులోనే ఉంది. ఎక్కువమంది వాడే ఆటోక్యాడ్ సంగతే చూద్దాం. ఇది మొదట 1982లో వచ్చింది.

కంప్యూటరులో ఇల్లు అసలు కొలతలతోనే గీస్తారు. 12 అడుగుల గోడను 12 అడుగులుగానే గీస్తారు. అక్కడ స్కేలు అన్న మాటే లేదు. కాగితం మీద పెట్టేటప్పుడే స్కేలు పుడుతుంది. ఇందుకోసం 1990లో వచ్చిన పదకొండో రిలీజు నుంచి 'పేపర్ స్పేస్' అనే ఏర్పాటు ఉంది. అందులో కాగితం సైజు ఎంచుకుంటారు. ఆ కాగితం మీద కిటికీ లాంటి చట్రం ఒకటి పెడతారు. దాని పేరు వ్యూపోర్టు. ఆ కిటికీలోంచి ఇల్లు ఎంత చిన్నదిగా కనిపించాలో చెప్పే అంకే స్కేలు.

ఆ అంకె కంప్యూటరుకు తెలుసు. తెలిసిన సంగతిని మళ్లీ మనిషి చేత్తో రాయడం ఎందుకు? రాస్తే ఒకనాడు మార్చడం మరచిపోతాడు. 2004లో వచ్చిన ఆటోక్యాడ్ 2005తో 'ఫీల్డు' అనే సదుపాయం వచ్చింది. మామూలు అక్షరాలకు బదులు ఫీల్డు పెడితే, అది వ్యూపోర్టు దగ్గర స్కేలు అడిగి తెలుసుకొని తనంతట తానే రాస్తుంది. వ్యూపోర్టు స్కేలు మారితే రాతా మారుతుంది. ఫైలు తెరిచినప్పుడు, దాచినప్పుడు, ప్రింటుకు పంపినప్పుడు కొత్త అంకె వచ్చి కూర్చుంటుంది. కాగితం సైజును చూపే ఫీల్డు కూడా ఉంది. రెండూ పక్కపక్కన పెడితే మాట పూర్తవుతుంది.

రెండు కాగితాలకూ రెండు స్కేళ్లు రాసే కిటుకు కూడా తేలికే. ముందు '1:' అని రాసి, దాని పక్కన ఫార్ములా ఫీల్డు పెట్టాలి. అందులో 1ని వ్యూపోర్టు స్కేలుతో భాగించమనాలి. మిల్లీమీటర్లలో గీసిన ప్లానుకు వ్యూపోర్టు స్కేలు 0.01 అయితే 100 వస్తుంది. అది ఏ1 స్కేలు. దాని కింద మరో ఫీల్డులో 1కి బదులు 2ను భాగించమంటే 200 వస్తుంది. అది ఏ3 స్కేలు. ఇక పెట్టెలో 'ఏ1 అయితే 1:100, ఏ3 అయితే 1:200' అని రెండూ ఉంటాయి. రేపు వ్యూపోర్టును 1:50కి మారిస్తే రెండూ కలిసే 1:50, 1:100 అవుతాయి. బ్రిటన్, ఆస్ట్రేలియా వంటి దేశాల్లో ఇలా జంట స్కేళ్లు రాయడం ఎప్పటినుంచో అలవాటు.

మెలికలు ఉన్నాయి

మన దగ్గర ఒక మెలిక తగులుతుంది. ఒకరు మీటర్లలో గీస్తారు, ఒకరు అడుగుల్లో, ఇంకొకరు అంగుళాల్లో. కాగితం కొలత మాత్రం మిల్లీమీటర్లలో ఉంటుంది. మీటర్లలో గీసిన ప్లానుకు 1:100 కావాలంటే వ్యూపోర్టు స్కేలు 10 అవుతుంది. ఫీల్డును ఉన్నదున్నట్టు చూపమంటే 10:1 అని రాసి అందరినీ కంగారు పెడుతుంది. కాబట్టి భాగించే చోట 1కి బదులు 1000 పెట్టాలి. అడుగుల్లో గీస్తే 304.8, అంగుళాల్లో గీస్తే 25.4 పెట్టాలి. ఏ3 కోసం వీటికి రెట్టింపు. ఒకసారి సరిచేసి ఖాళీ నమూనా ఫైలులో దాచుకుంటే మళ్లీ ముట్టుకోనక్కరలేదు.

రెండో మెలిక మౌసు చక్రం తెచ్చేది. వ్యూపోర్టుకు తాళం వేయకుండా లోపల చక్రం తిప్పితే స్కేలు చెదిరిపోతుంది. చేత్తో రాసిన 1:100 అప్పుడు కూడా 1:100 అనే ఉంటుంది. ఫీల్డు మాత్రం 1:97.36 వంటి వింత అంకె చూపిస్తుంది. దాన్ని చూసి విసుక్కుంటారు గాని, అది చేసిన మేలు అదే. తప్పును దాచకుండా బయటపెట్టింది.

ఒకే కాగితం మీద ప్లాను 1:100లో, మెట్ల వివరం 1:20లో ఉంటే పెట్టెలో ఒక్క స్కేలు రాయడం కుదరదు. ప్రతి బొమ్మ కిందా దాని ఫీల్డు దానికి ఉండాలి. పెట్టెలో 'బొమ్మల కింద చూపిన విధంగా' అని ఉండాలి. రెవిట్ అనే సాఫ్ట్‌వేరు అయితే బొమ్మల స్కేళ్లు వేరువేరుగా ఉన్నప్పుడు ఈ అర్థం వచ్చే మాటను తానే పెట్టెలో రాసుకుంటుంది.

జిరాక్సు షాపు దగ్గర ఆగిపోతుంది

ఇంత తెలివైన ఏర్పాటుకూ ఒక పొలిమేర ఉంది. ఫీల్డుకు తెలిసింది గీసినవాడు ఎంచుకున్న కాగితం వరకే. పీడీఎఫ్‌గా మారిన తరువాత అది మామూలు అక్షరమే. ఆ పీడీఎఫ్‌ను ఎవరో ఏ4 మీద తీసినా, 'ఫిట్' నొక్కి నూటికి నాలుగు వంతులు తగ్గించినా ఫీల్డుకు తెలిసే దారి లేదు. రాసిన ఏ స్కేలూ, ఎంత బాగా రాసినా, ఆ దూరం వెళ్లలేదు.

ఆ దూరం వెళ్లగలిగినది ఒక్కటే. అది గీసిన స్కేలు. సర్వే ఆఫ్ ఇండియా పటాల అడుగున, బడిపిల్లల అట్లాసుల్లో నలుపు తెలుపు గళ్లతో ఒక పట్టీ ఉంటుంది చూడండి, అదే. ప్లాను మీద 10 మీటర్లకు ఒక పట్టీ, 30 అడుగులకు ఒక పట్టీ గీస్తే చాలు. కాగితం తగ్గితే గోడతో పాటు పట్టీ కూడా అంతే తగ్గుతుంది. పెరిగితే అంతే పెరుగుతుంది. ఏ షాపులో ఏ మీట నొక్కినా ఆ పట్టీ అబద్ధం చెప్పదు. పాతకాలపు పటాల వాళ్లు దీన్ని ఊరికే పెట్టలేదు.

కాబట్టి జంట స్కేళ్లూ పట్టీ రెండూ ఉండవలసిందే. రాసిన స్కేలు బద్దలో ఏ అంచు వాడాలో చెబుతుంది. పట్టీ ఆ మాట నిజమో కాదో చెబుతుంది.

ఇంటివారు చూసుకోవలసినవి

ప్లాను చేతికి రాగానే ఇంటి యజమాని చేయవలసిన పరీక్ష ఒక్క నిమిషం పని. దీనికి ఇంజనీరు అక్కరలేదు. పిల్లల జామెట్రీ బాక్సులోని సెంటీమీటర్ల స్కేలు చాలు.

ప్లాను మీద 10 మీటర్ల పట్టీ ఉంటే దాన్ని కొలవాలి. 1000ని ఆ సెంటీమీటర్లతో భాగించాలి. పట్టీ 10 సెంటీమీటర్లుంటే స్కేలు 1:100. 5 ఉంటే 1:200. 9.6 ఉంటే 1:104, అంటే ఎక్కడో 'ఫిట్' నొక్కారన్నమాట. ఆ కాగితం మీద బద్ద పెట్టనివ్వకూడదు.

పట్టీ లేకపోతే కొలత రాసి ఉన్న ఒక గోడను తీసుకోవాలి. 12 అడుగులంటే సుమారు 366 సెంటీమీటర్లు. కాగితం మీద ఆ గోడ 3.66 సెంటీమీటర్లుంటే స్కేలు 1:100. 1.83 ఉంటే 1:200. వీలైనంత పొడవైన గోడను ఎంచుకుంటే లెక్క మరింత కచ్చితంగా వస్తుంది. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి కొలిస్తే ఇంకా మంచిది.

ప్రింటు తీయించేటప్పుడు షాపులో 'యాక్చువల్ సైజ్' అని అడగాలి. 'ఫిట్' వద్దని చెప్పాలి. ఏ1 ప్లానును ఏ3లో తీయక తప్పకపోతే సరిగ్గా నూటికి 50 వంతులని చెప్పి తీయించాలి. ఏ2, ఏ4 ప్రింట్లు ఇంట్లో చూసుకోవడానికే గాని పని దగ్గరకు పంపడానికి కాదు. కొలత రాయని చోటు కనిపిస్తే బద్దతో కొలిచే బదులు ఇంజనీరుకు ఫోను చేసి అడగడమే క్షేమం.

గీసేవారి వైపు నుంచి కావలసినదీ పెద్ద ఖర్చుతో కూడినది కాదు. నమూనా ఫైలులో రెండు ఫీల్డులు, ఒక పట్టీ, వ్యూపోర్టుకు తాళం. ఒక పూట కూర్చుంటే అయ్యే పని. ఊళ్లోని ప్లానులు గీసే సెంటర్లు ఆ పూట కేటాయిస్తే, కట్టిన గోడ పగలగొట్టి మళ్లీ కట్టుకునే బాధ కొందరు ఇంటివారికైనా తప్పుతుంది.